మనస్సు వాకిట కావలివాడు

అత్తమీది కోపము దుత్తమీద చూపుట యను సామెత మన యిండ్లలో తరతరములుగ వినబడుచున్నది. కోడలికి అత్తగారిపై కోపము వచ్చినది. ఎదురుపలుకుటకు వీలు లేదు. చేతిలోని పాలదుత్త నేలబడి పగిలినది. ఇంటనున్న వారందరును సంగతి గ్రహించిరి. వింత యేమనగా, గ్రహింపనిది కోడలొక్కతెయే. అడిగినచో "చేయి జారినది" అనును. ఆమె అబద్ధమాడుట లేదు. నిజముగనే చేయి జారినదని ఆమె నమ్మిక.

కోపము చోటు మార్చుకొను ననుటవరకే సామెత చెప్పినది. కోపపడిన మనిషికి తన కోపమే తెలియకపోవుట యెట్లు? తన తలపును తన కంటబడకుండ దాచినదెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచునే మనోవిశ్లేషణ శాస్త్రము పుట్టి పెరిగినది. తొలిదశలో ఆ శాస్త్రజ్ఞులు "దాగినది యేమి?" అని యడిగిరి. తరువాతనే "దాచినవాడెవడు?" అను ప్రశ్న ప్రధానమైనది. ఆ రెండవ ప్రశ్ననుండి పుట్టినదే ‘నేను’ అను దానిని గూర్చిన మనస్తత్త్వశాస్త్రము. మొదటి ప్రశ్ననుండి రెండవ ప్రశ్నకు సాగిన ఈ ప్రయాణమును గూర్చి నేడు పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

కథ వియన్నా నగరమున ప్రారంభమగుచున్నది. సిగ్మండ్ ఫ్రాయిడు 1856 మే 6వ తేదీన, ఇప్పటి చెక్ దేశములోని ప్షీబోర్ పట్టణమున జన్మించెను. ఆ కాలమున దానికి ఫ్రైబర్గ్ అని పేరు. నాలుగేండ్ల ప్రాయమున తలిదండ్రులతో వియన్నా చేరి, 1938 వరకు ఆ నగరముననే కాపురముండెను. తొలిదినములలో ఆయన మనస్సును గూర్చి చింతించినవాడు కాడు. బ్రూకే అను ఆచార్యుని ప్రయోగశాలలో సూక్ష్మదర్శినికి కన్నానించి జంతువుల నాడీకణములను పరిశీలించుచుండెను. 1881లో వైద్యపట్టము నందెను. 1885 అక్టోబరులో పారిస్ నగరమునకు బోయి, సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో అను సుప్రసిద్ధ నాడీవైద్యుని యొద్ద కొన్ని నెలలు శిష్యరికము చేసెను.

అచ్చట హిస్టీరియా రోగులను జూచెను. చేయి పడిపోయినదని వచ్చినవారి నాడులలో ఏ లోపమును కనబడదు. షార్కో అట్టివారిని హిప్నాటిజముచే నిద్రింపజేసి, ఒక మాటతో పక్షవాత లక్షణమును పుట్టించి, మరియొక మాటతో పోగొట్టి చూపుచుండెను. మాటతో వచ్చి మాటతో పోవు వ్యాధికి మూలము నాడిలో గాక తలపులో నుండవలెను గదా!

అంతకు కొన్నియేండ్లకు పూర్వమే వియన్నాలో యోసెఫ్ బ్రాయరు అను వైద్యునకు ఇట్టి యనుభవమే కలిగియుండెను. 1880 డిసెంబరు మొదలు 1882 జూన్ వరకు ఆయన ఒక యువతికి చికిత్స చేసెను. గ్రంథములో ఆమెకు ‘అన్నా ఓ.’ అని మారుపేరు పెట్టిరి. రోగియైన తండ్రికి రాత్రింబవళ్లు పరిచర్య చేయుచు ఆమె తానే రోగియైనది. చేయి బిగిసిపోయినది. మాతృభాషయైన జర్మను మరచి ఇంగ్లీషే మాటలాడెను. ఒక వేసవిలో ఆరువారములపాటు, దాహముతో నోరెండిపోవుచున్నను, నీటి గ్లాసు పెదవి కానించుకొనలేక పండ్లతో కాలము గడిపెను. ఒకనాడు హిప్నాటిజపు నిద్రలో ఒక పాతసంగతి బయటపడినది. తనకు తోడుగనున్న ఇంగ్లీషు వనిత పెంపుడుకుక్క ఒకమారు గ్లాసులోని నీరు త్రాగుచుండగా ఆమె చూచినది. కడుపులో త్రిప్పినది. కాని మర్యాదకై నోరెత్తలేదు. నాడు మ్రింగిన అసహ్యమునంతయు నేడు వెడలగ్రక్కి, నీరు కావలెనని యడిగి, గ్లాసెడు నీరును త్రాగి ఆమె మేల్కొనెను. ఈ పద్ధతికి ఆమెయే ‘మాటల వైద్యము’ అని పేరుపెట్టినది. నవ్వుచు ‘పొగగొట్టము తుడుచుట’ అనియు అనెడిది.

ఆమె అంతటితో స్వస్థురాలైనదని గ్రంథమున వ్రాసిరి గాని సత్యమంత సులభము కాదు. ఆమె అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్ అని 1953లో వెల్లడియైనది. చికిత్స ముగిసిన వెంటనే ఆమెను స్విట్జర్లాండులోని ఒక ఆరోగ్యశాలలో చేర్పవలసివచ్చినదని 1970 తరువాతి పరిశోధకులు పాత దస్తావేజులవలన కనుగొనిరి. ఆమె తరువాత కోలుకొని, జర్మనీలో యూదుస్త్రీల సంఘమును 1904లో స్థాపించి, నిరాధార స్త్రీలకును అనాథ బాలికలకును జీవితమంతయు సేవచేసెను. మాటల వైద్యముతో అద్భుతము జరిగినదని చెప్పలేము. నోట రాని మాట దేహమున రోగముగ కనబడవచ్చునను సూచన మాత్రము దొరికినది.

బ్రాయరు, ఫ్రాయిడులు కలిసి 1895లో హిస్టీరియాను గూర్చిన గ్రంథమును ప్రకటించిరి. అందు ఎలిజబెత్ అను మారుపేరుగల యువతి చరిత్ర కలదు. ఆమెకు కాళ్లనొప్పులు, నడచుట కష్టము. ఫ్రాయిడు అప్పటికి హిప్నాటిజమును విడిచి, రోగి నుదుట చేయి యుంచి, తోచినదెల్ల చెప్పుమని కోరుచుండెను. ఎలిజబెత్ కొన్నిమారులు ఏమియు తోచలేదనెడిది. గట్టిగ అడుగగా, మొదటిసారియే తోచినది గాని చెప్పదగినదిగ అనిపించలేదని ఒప్పుకొనెడిది. తోచకపోవుట వేరు, తోచినదానిని త్రోసివేయుట వేరు. ఈ త్రోపుడుకు ఫ్రాయిడు ప్రతిఘటన యని పేరుపెట్టెను.

త్రోసివేయబడిన తలపు కడకు బయటపడినది. ఆమెకు తన అక్కభర్తపై అనురాగము. అక్క మరణించిన శయ్యప్రక్కన నిలిచియుండగా, ఇక ఆయన తన్ను వివాహమాడవచ్చునను తలపు మెరుపువలె మెరసినది. అక్కను ప్రాణముగ ప్రేమించిన ఆడుబిడ్డ అట్టి తలపును తనదని యెట్లు ఒప్పుకొనగలదు? తలపు మాయమైనది, కాళ్లనొప్పి మిగిలినది. ఫ్రాయిడు ఈ సంగతి చెప్పగా ఆమె యేడ్చి, కాదని వాదించినది. కొంతకాలమునకు నొప్పులు తగ్గినవి. 1894లో ఒక విందులో ఆమె చురుకుగ నాట్యమాడుచుండగా ఫ్రాయిడు చూచెను.

ఆ 1894లోనే ఆయన ఒక వ్యాసమున ‘రక్షణ’ యను మాటను వాడెను. ఓర్వరాని తలపునుండి మనస్సు తన్ను తాను కాపాడుకొనుచున్నదని దాని భావము. పాఠకులు ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెను. దాచినవాడెవడను ప్రశ్నకు బీజమిదియే. కాని ఆ బీజము మొలకెత్తుటకు ముప్పదియేండ్లు పట్టినది. ఆలోపల ఫ్రాయిడు దృష్టి అంతయు దాగిన నిధిపైననే యుండెను.

1896లో తన పద్ధతికి మనోవిశ్లేషణమని పేరిడెను. రోగులందరును చిన్ననాడు పెద్దలచే చెరుపబడినవారేయని మొదట నమ్మి, 1897లో ఆ సిద్ధాంతమును విడిచెను. తండ్రి 1896లో మరణింపగా, ఆ దుఃఖములో తన కలలను తానే పరీక్షించుకొన నారంభించెను. వాని ఫలమే కలలను గూర్చిన మహాగ్రంథము. అది 1899 నవంబరులో వెలువడినను, ముద్రాపకుడు దానిపై 1900 అని వేసెను. అచ్చువేసినవి 600 ప్రతులు. అమ్ముడుపోవుటకు ఎనిమిదేండ్లు పట్టినది.

కలలోగూడ కోరిక తన సొంత రూపముతో కనబడదని ఆయన వాదము. ప్రభుత్వపు పరీక్షాధికారి పత్రికలోని వాక్యములను కొట్టివేసినట్లు, మనస్సులోను ఒక పరీక్షాధికారి యుండి, కోరికకు మారువేషము వేయించిగాని బయటికి పంపడు. మేల్కొనియుండగా ఆ యధికారి యొక్కక్షణము ఏమరినచో నోరు జారును. ఆస్ట్రియా శాసనసభాధ్యక్షుడు ఒకరు సమావేశమును ప్రారంభించుచు, సభ ముగిసినదని ప్రకటించిన యుదాహరణమును ఫ్రాయిడు 1901లో ప్రకటించెను. ఆ సభలో మేలేమియు జరుగదని ఆయనకు లోపల తోచియుండును. గుమ్మడికాయల దొంగయన్నచో భుజములు తడుముకొన్నవాని కథ తెలిసిన మనకు ఇది వింతగ తోచదు.

1902 నుండి ప్రతి బుధవారము రాత్రి ఫ్రాయిడు ఇంట నలుగురైదుగురు వైద్యులు కూడి చర్చించుచుండిరి. ఆ చిన్నగోష్ఠియే 1908లో వియన్నా మనోవిశ్లేషణ సంఘమైనది. 1910లో అంతర్జాతీయ సంఘము వెలసినది. 1911లో ఆడ్లరు విడిపోయెను. మనిషి తన న్యూనతను పూరించుకొనుటకు చేయు ప్రయత్నమే ముఖ్యమని ఆయన మతము. కొలదికాలమునకు యూంగును విడిపోయెను. ‘నేను’ను గూర్చి ఆడ్లరు ముందుగనే మాటలాడెను గాని, అది పైపై సంగతియని ఫ్రాయిడు ఆనాడు త్రోసిపుచ్చెను.

మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1915 మొదలు 1917 వరకు, ఫ్రాయిడు విశ్వవిద్యాలయములో చేసిన ఉపన్యాసములలో ఒక చక్కని పోలిక కలదు. మనస్సును రెండు గదుల యిల్లుగ భావింపుడని ఆయన చెప్పెను. ముందున్నది పెద్దసావడి, అందు తలపులన్నియు త్రొక్కిసలాడుచుండును. లోపలిది చిన్నగది, అందు మన ఎఱుక కూర్చుండియుండును. రెండింటి నడుమ గడపపై ఒక కావలివాడు నిలిచి, తనకు నచ్చని తలపులను లోనికి రానీయడు. కోడలి కోపము సావడిలోనే నిలిచిపోయినది. అందుచేతనే ఆమె ఎఱుగదు.

ఈ పోలిక బాగుగనేయున్నది. కాని ఇచ్చటనే చిక్కువచ్చినది. కావలివాడు తాను చేయుచున్న పనిని తానెఱుగునా? తన తలపును తానే త్రోసివేయుచున్నానని రోగికి తెలిసినచో, దాచుట యనుట కర్థమే లేదు. కాని రోగులకు అది తెలియుట లేదు. "మీరు ఈ విషయమును తప్పించుకొనుచున్నారు" అని వైద్యుడు చెప్పినను, వారు నిష్కపటముగనే లేదందురు. కావున దాగిన తలపు ఎంత మఱుగున నున్నదో, దాచిన చేయియు అంత మఱుగుననే యున్నది. అచేతనము ఒకవైపు, ‘నేను’ ఒకవైపు అని అంతవరకు గీచుకొన్న గీత పనికిరాకపోయినది. ‘నేను’లోనే ఒక భాగము అచేతనము.

1923లో ఫ్రాయిడు ప్రకటించిన చిన్నగ్రంథము ఈ చిక్కునుండి పుట్టినదే. అందు మనస్సునకు క్రొత్తపటము గీచెను. మనస్సులో మూడు వ్యవస్థలు కలవు. మొదటిది ‘అది’. ఆకలి, కామము, క్రోధము మొదలైన ప్రేరణలకు అది పుట్టినిల్లు. మంచిచెడ్డలు దానికి లేవు. ఈ పేరును గ్రోడెక్ అను వైద్యునివద్దనుండి ఫ్రాయిడు గ్రహించెను. రెండవది ‘నేను’. బయటి ప్రపంచమును చూచి, కాలమును సమయమును తెలిసి, ‘అది’ని పట్టి నడుపుట దీని పని. ఇట్లు నడుపుటను గుర్రముపై రౌతు స్వారితో ఆయన పోల్చెను. గుర్రము బలము రౌతునకు లేదు. ఒకప్పుడు గుర్రము పోవుచోటికే తానును పోవలసివచ్చును. మూడవది ‘పైనేను’. చిన్ననాడు తలిదండ్రులు "కూడదు" అన్న మాటయే పెరిగి పెద్దయై మనలో కాపురముండి, మనలను మెచ్చుకొనుచు దండించుచునుండును.

ఇచ్చట మాటలను గూర్చి ఒక్కమాట. ఫ్రాయిడు జర్మనులో వాడినవి పసిబిడ్డకు తెలిసిన మాటలు: ‘ఇష్’ అనగా నేను, ‘ఎస్’ అనగా అది. ఇంగ్లీషువారు వానిని లాటినులోనికి మార్చి ‘ఈగో’, ‘ఇడ్’ అనిరి. మన పుస్తకములలో ‘అహము’ అను మాట వచ్చినది. ‘వానికి అహమెక్కువ’ అను వాడుక మనకు చెవినబడియుండుటచే, ఈ శాస్త్రము గర్వమును గూర్చి చెప్పుచున్నదని భ్రమ కలుగుచున్నది. గర్వమునకును దీనికిని సంబంధము లేదు. అందుచే మేము ‘నేను’ అనియే వ్రాయుచున్నాము.

మన దేశమునకును ఈ చరిత్రలో ఒక చోటు కలదు. కలకత్తా వైద్యుడు గిరీంద్రశేఖర బోసు అణచివేతను గూర్చి తాను వ్రాసిన గ్రంథమును 1921లో ఫ్రాయిడునకు పంపెను. మరుసటియేడు కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించి అంతర్జాతీయ సంఘముతో చేర్చెను. దాచినవాడెవడను ప్రశ్నకు బోసు వేరు సమాధానము చెప్పెను. ప్రతి కోరికతోను దాని కెదురు కోరికయు కవలవలె పుట్టునట. కొట్టవలెనను కోరికతో కొట్టించుకొనవలెనను కోరికయు నుండును. ఒకటి మరియొకదానిని అడ్డుటచేతనే అణచివేత కలుగును. ఇట్లు చూచినచో వేరుగ కావలివానితో పనియే లేదు. ఫ్రాయిడు ఈ వాదమును పూర్తిగ అంగీకరింపలేదు. అయినను వారి లేఖలు ఆగలేదు. ఫ్రాయిడు డెబ్బదియైదవ జన్మదినమునకు 1931లో కలకత్తా సంఘమువారు దంతపు విష్ణుప్రతిమను కానుకగ పంపిరి. అది ఇప్పటికిని లండనులోని ఫ్రాయిడు ప్రదర్శనశాలలో నున్నది.

తిరిగి వియన్నాకు వత్తము. 1926లో ఫ్రాయిడు తన పాత సిద్ధాంతమును తానే తలక్రిందులు చేసెను. అణచివేయబడిన కోరికయే పులిసి భయముగ మారునని అంతవరకు చెప్పుచుండెను. ఇప్పుడు, భయమే ముందు, అణచివేత తరువాత, అనెను. ‘నేను’ అపాయమును పసికట్టి, భయమును ఒక చిన్నగంటవలె మ్రోగించును. ఆ గంట విని మనస్సు తలుపులు మూసికొనును. భయము రోగము కాదు, హెచ్చరిక. పసిబిడ్డకు మొదటి అపాయము తల్లి కనబడకపోవుట. పిమ్మట ఆమె ప్రేమ పోవునేమో యనుట. ఆ పిమ్మట దండన. చివరకు తన అంతరాత్మ నిందించునేమో యనుట. అప్పటికి ఫ్రాయిడునకు డెబ్బదియేండ్లు. 1923లో దవడకు పుట్టిన క్యాన్సరు పదునాఱేండ్లు ఆయనను వేధించినది. ముప్పదికి పైగ శస్త్రచికిత్సలు జరిగినవి. ఆ స్థితిలో తన మాటను తానే దిద్దుకొనుట మెచ్చదగిన విషయము.

తండ్రి తెరచిన ఈ త్రోవను కుమార్తె రాచబాట చేసెను. అన్నా ఫ్రాయిడు 1895లో పుట్టినది. వృత్తిచే మొదట బడిపంతులమ్మ. 1936లో తండ్రి ఎనుబదవ జన్మదినమునకు ‘నేను’ను, దాని రక్షణోపాయములను గూర్చిన తన గ్రంథమును కానుకగ నిచ్చెను. దాగినదానిని త్రవ్వితీయుట యొక్కటే వైద్యుని పని కాదనియు, దాచిన తీరును సమానశ్రద్ధతో చూడవలెననియు అందలి సారము. అణచివేత ఒక్కటే కాక, అంతవరకు చెదరియున్న పది యుపాయములను ఆమె ఒకచోట కూర్చెను. తన మనస్సులోని చెడ్డను ఎదుటివానికి అంటగట్టుట. పరులపై వచ్చిన కోపమును తనపైననే త్రిప్పుకొనుట. ద్వేషమున్నచోట అతిప్రేమ చూపుట. కష్టము వచ్చినపుడు మరల పసితనములోనికి జారుట. ముడిప్రేరణను సంఘము మెచ్చు పనిగ మలచుకొనుట మొదలైనవి అందు కలవు.

వీనిలో కొన్ని మన సామెతలకు ఎఱుకయే. ఆడలేక మద్దెలయోడు అన్నది మన వాడుక. తాను చేసినదానికి తరువాత సరియైన కారణము కల్పించుకొను ఇట్టి పద్ధతికి ఎర్నెస్టు జోన్సు 1908లోనే శాస్త్రీయ నామముంచెను.

అన్నా ఫ్రాయిడు చెప్పిన రెండు చిన్నకథలు మాత్రము ఏ సామెతలోను లేవు. ఒక బాలికకు చీకటిసావడి దాటవలెనన్న దయ్యముల భయము. ఒకనాడు చిత్రవిచిత్రముగ చేతులు త్రిప్పుచు పరుగున దాటినది. ఆ రహస్యమును తమ్మునికి నేర్పినది: తనకు ఎదురుకాగల దయ్యము తానే యైనట్లు నటింపవలెనట! మరియొక బాలుడు ఉపాధ్యాయుడు కోపించినపుడెల్ల వికృతముగ ముఖము పెట్టును. తరగతియంతయు నవ్వును. వాడు గురువును వెక్కిరించుచున్నాడని అందరును తలచిరి. పరీక్షించి చూడగా, ఆ ముఖము కోపించిన గురువు ముఖమునకే ప్రతిబింబము. భయపెట్టిన వానివలె తాను మారి భయమును దాటుట వాని యెఱుకలేని యుపాయము. వానిని తుంటరియని కొట్టిన పెద్దలు వాని భయమును ఇనుమడింపజేయుదురు.

ఇచ్చట మరియొక ప్రశ్న లేచినది. ‘నేను’ పుట్టినది యుద్ధము చేయుటకేనా? వియన్నా వైద్యుడు హైన్జ్ హార్ట్‌మన్ 1937లో వియన్నా సంఘము ముందు చదివి, 1939లో ప్రకటించిన రచన దీనికి సమాధానము. బిడ్డ చూచుట, నడచుట, పలుకుట, జ్ఞాపకముంచుకొనుట ఏ సంఘర్షణనుండియు పుట్టలేదు. అవి పుట్టుకతో వచ్చిన శక్తులు. ఒక దేశచరిత్ర యన యుద్ధముల చరిత్రయే కాదు, శాంతికాలపు రాకపోకలును కలవు. మనస్సును అంతే యని ఆయన పోలిక. సామాన్యముగ ఆశింపదగిన పరిసరము దొరికినచో బిడ్డ ఈ శక్తులతో లోకమునకు ఒదిగి పెరుగునని చెప్పెను. రోగులను గూర్చి పుట్టిన శాస్త్రము ఆరోగ్యవంతులను గూర్చి మాటలాడుట దీనితో బలపడినది.

సామాన్య పరిసరమును గూర్చి ఆ మాట పలికిన మరుసటియేడే అట్టి పరిసరము వియన్నాలో నశించినది. 1938 మార్చి 12న హిట్లరు సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించినవి. మార్చి 22న గెస్టపో పోలీసులు అన్నా ఫ్రాయిడును పట్టుకొనిపోయి సాయంకాలమునకు విడిచిరి. జూన్ 4న తండ్రి కుటుంబముతో వియన్నా విడిచి లండను చేరెను. 1939 సెప్టెంబరు 23న అచ్చటనే మరణించెను. వెనుక మిగిలిన ఆయన నలుగురు చెల్లెండ్రు నాజీల నిర్బంధశిబిరములలో బలియైరి. హార్ట్‌మన్ 1941లో న్యూయార్కు చేరెను. అచ్చట క్రిస్, లోవెన్‌స్టైన్ అను సహచరులతో గూడి ఈ శాస్త్రమునకు రూపమిచ్చెను. అన్నా ఫ్రాయిడు శిష్యుడు ఎరిక్సన్ 1950లో ప్రకటించిన గ్రంథమున బాల్యము మొదలు వార్ధకమువరకు ‘నేను’ ఎనిమిది దశలలో పెరుగు తీరును వర్ణించెను.

ఈ సిద్ధాంతములకు గట్టిపరీక్ష లండనులో బాంబులు పడుచుండగా జరిగినది. 1941లో అన్నా ఫ్రాయిడు, డొరతీ బర్లింగ్‌హామ్ కలిసి హాంప్‌స్టెడ్‌లో, యుద్ధమువలన ఇల్లు చెదరిన పసివారికి శిశుగృహములు నడిపిరి. వారు చూచినది పెద్దలు ఊహింపనిది. తల్లి ప్రక్కలో నున్న బిడ్డ బాంబుల మ్రోతలోను నిదురించుచుండెను. క్షేమముకొరకు తల్లినుండి వేరుచేసి పల్లెకు పంపిన బిడ్డ, ఏ బాంబును లేనిచోట, వచ్చిన మాటలు మరచి, పక్క తడుపుచుండెను. అందుచే తల్లులు ఏవేళనైనను రావచ్చునని వారు ద్వారములు తెరచియుంచిరి. పలువురు దాదుల చేతులు మారుటకు బదులు, నలుగురైదుగురు బిడ్డలకు ఒక్కొక్క దాదిని ‘తల్లి’గ నియమించిరి. వెంటనే అసూయలు, పేచీలు, కన్నీళ్లు పెరిగినవి. వానివెంటనే మాటలును పెరిగినవి. దాచవలసిన యవసరము తగ్గినపుడు బిడ్డ మనస్సు పెరుగుటకు తీరిక దొరికినది.

ఆ గృహములో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ తరువాత, ఆసుపత్రిలో ఒంటరిగ విడిచిన రెండేండ్ల పాపను గూర్చి 1952లో ఒక చలనచిత్రము తీసెను. ఆ పాప ఏడ్వదు, ఓర్చుకొనును. ఆ ఓర్పే దుఃఖమని ఆ చిత్రము చూపినది. అనేకులు చేసిన కృషి ఫలముగ 1959లో ఇంగ్లండు ప్రభుత్వసంఘమొకటి, ఆసుపత్రిలోని బిడ్డలను తలిదండ్రులు ఏవేళనైనను చూడనీయవలెనని సలహా యిచ్చినది.

ఈ శాస్త్రమునందు లోపములు లేవని మేము చెప్పబోము. కొలదిమంది రోగుల చరిత్రలపై పెద్ద సిద్ధాంతములు కట్టిరి. పరీక్షించి కాదనుటకు వీలులేని వాక్యములు వానిలో కలవు. స్త్రీలను గూర్చి ఫ్రాయిడు చెప్పినవానిలో అనేకము నేడు నిలువవు. లోకమునకు ఒదుగుటయే ఆరోగ్యమైనచో, లోకమే అన్యాయమైనపుడు గతియేమని హార్ట్‌మన్‌ను ప్రశ్నించినవారును కలరు. ఫ్రాన్సు దేశపు లకాన్ వారిలో ముఖ్యుడు. ఇన్ని పోయినను మిగిలినవి కలవు. రక్షణోపాయములను గూర్చిన భావము వైద్యులకు నేటికిని ఉపయోగపడుచున్నది. 1938లో హార్వర్డులో ఆరంభమైన దీర్ఘకాల పరిశీలనమునందలి పురుషుల జీవితములను పరిశీలించి, జార్జి వేలెంట్ 1977లో ఒక గ్రంథము ప్రకటించెను. రక్షణలలో పసితనపువి, పరిణతి పొందినవి అను భేదము కలదనియు, హాస్యము, ముందుచూపు మొదలగువాని నాశ్రయించినవారు జీవితమున మెరుగుగ నెగ్గిరనియు అందు చూపెను.

ఇంత చదివి, ఎదుటివారి మనస్సును విప్పి చూపుటకు బూనుట మాత్రము వలదు. "నీవు కావలెననియే దుత్త పగులగొట్టితివి" అని కోడలిని నిలదీసినచో, ఆమె కావలివాడు తలుపునకు మరియొక గడియ వేయును. ఎలిజబెత్ అంతటి ఓర్పుగల వైద్యుని యెదుటనే యేడ్చి కాదన్నది గదా. దాచుటకు కారణము భయమని 1926లోనే తేలినది. భయము తగ్గినపుడే తలుపు తెరచుకొనును. ఇంటిలో కోడలు తన కోపమును ఒకమారు నోటితో చెప్పుకొనగల చోటున్నచో, బిడ్డ తనకు భయమైనదని సిగ్గుపడకుండ చెప్పగలచో, కావలివానికి పని తగ్గును. పగిలిన దుత్త పెంకులు ఏరుచు అత్తగారు, "కోపము వచ్చినదా అమ్మా?" అని మెల్లగ నడిగి, వచ్చిన సమాధానమును విని యూరకుండగలిగినచో, ఆ యింట తరువాతి దుత్త పగులకపోవచ్చును.